తాగిందెంత, తాగించిందెంత



పోయినసారి సైజింగు కార్ఖానాల గురించి రాస్తే ఒక తమ్ముడు కింద ఇట్లా అడిగాడు: "అన్నా, సాంచెల సంగతి మాకు ఎరుకే. ముప్పై ఏండ్లు ముంబయిల రాళ్ల ల్యాబుల నువ్వు ఏం జేసినవో ఎన్నడు చెప్పలే. అది రాయి." సరే తమ్మీ, ఈసారి రాయి గురించే రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, చాయ్ దగ్గర పెట్టుకోండి. చివరికి మన సంఘం ముందున్న ఒక మాటకు కూడా వస్తాను. అందుకని మధ్యలో వదలొద్దు.

చాలామంది అనుకున్నట్టు భూమి కింద చమురు చెరువులా నిలిచి ఉండదు. రాయి లోపల ఉంటుంది. నీళ్లు పోస్తే గుటుక్కున ఇంకించుకునే ఇటుకను తలుచుకోండి. ఇసుకరాయిలో, సున్నపురాయిలో కూడా అట్లాంటి సందులే ఉంటాయి. మంచి ఇసుకరాయిలో అయిదో వంతు దాకా ఖాళీయే. కాని ఆ ఖాళీ ఒక్కచోట లేదు. వెంట్రుక కన్నా సన్నటి సందులుగా రాయి అంతటా పరుచుకుని ఉంటుంది. ఆ సందుల్లో చమురు ఒక్కటే ఉండదు, ఉప్పునీరు కూడా ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు కిరాయిదార్లు అన్నట్టు. ఇద్దరిలో గోడను అంటిపెట్టుకుని ఉండేది ఎవరు, నడిమధ్యన తిరిగేది ఎవరు? నా నౌకరి అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ల్యాబులో దీన్ని వెట్టబిలిటీ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, రాయికి ఎవరి తడి ఇష్టం అని.

రాయి ఇష్టాయిష్టాలతో మనకేం పని అంటారేమో. పని ఉంది. బావి వేసిన కొత్తలో లోపలి ఒత్తిడికి చమురు తానే పైకి వస్తుంది. కొన్నేళ్లకు ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు వేరే బావుల్లోంచి నీళ్లు లోపలికి కొట్టి చమురును ఇవతలికి తోస్తారు. రాయి నీటిని ఇష్టపడేదైతే ఆ నీళ్లు సన్న సందుల్లోకి కూడా తమంతట తామే ఎక్కి, లోపల దాక్కున్న చమురును బయటికి పంపుతాయి. చమురును ఇష్టపడేదైతే నీళ్లకు లోపల చోటు దొరకదు. పెద్ద సందులూ పగుళ్లూ పట్టుకుని తిన్నగా అవతలి బావిలో తేలతాయి. చమురు గోడలకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. కోట్ల రూపాయలు పెట్టి సముద్రం నీళ్లు ఒక బావిలో పోసి, ఇంకో బావిలోంచి ఆ నీళ్లే తోడుకున్నట్టు అవుతుంది. అందుకే డబ్బు పెట్టకముందే రాయిని అడగాలి: నీకు ఎవరు ఇష్టం?

ఈ ప్రశ్న సోలాపూర్‌లో చద్దర్లు, టవల్సు నేసిన ఇండ్లకు కొత్తేమీ కాదు. సాంచె మీది నుంచి దిగిన కోరా గుడ్డ మీద నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడుతుంది, గుడ్డను వంచితే దొర్లిపోతుంది. పత్తికి పుట్టుకతోనే సన్నని మైనం పొర ఉంటుంది. దాని మీద పడుగుకు పెట్టిన గంజి ఒకటి. అదే గుడ్డను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడకబెట్టి కడిగాక చుక్క వేస్తే చూస్తుండగానే మాయమవుతుంది. మా నాయిన అద్దకం కార్ఖానాలో పని చేసేవాడు. ఉడికిన గుడ్డ కొస పట్టుకుని, వేలితో చుక్క వేసి నోట్లోనే అంకెలు లెక్కపెట్టేవాడు. రెండు అనేలోపు ఇంకితే "ఇగ రంగుకు పెట్టుండ్రి" అనేవాడు. అయిదు దాటితే గుడ్డ మళ్లీ బానలోకే. చుక్క తాగని గుడ్డకు రంగు పైపైనే పడుతుంది, రెండు ఉతుకులకు పోతుంది.

నాయిన చూసినవి రెండు సంగతులు: చుక్క ఎట్లా కూర్చుంది, ఎంతసేపట్లో లోపలికి పోయింది. శాస్త్రంలో కూడా ఆ రెండే. చుక్క కూర్చున్న తీరుకు కోణం లెక్క ఇంగ్లండులో థామస్ యంగ్ 1805లో చెప్పాడు. మా ల్యాబులో రాతి పలకను చమురులో ముంచి, దాని మీద నీటి చుక్క పెట్టి, చుక్క అంచు రాయిని తాకేచోట కోణం కొలుస్తారు. సాధారణంగా 75 డిగ్రీల లోపు అయితే నీటిని ఇష్టపడే రాయి, 105 దాటితే చమురును ఇష్టపడే రాయి, ఆ రెంటి మధ్య అయితే ఎటూ మొగ్గనిది. ఇక లోపలికి పోయే వేగం లెక్క 1921లో వాష్‌బర్న్ ఇచ్చాడు. సన్న సందులో తడి పాకే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే మొదటి అంగుళం గంటలో ఎక్కితే, రెండో అంగుళం దాటేసరికి నాలుగు గంటలు, మూడోది దాటేసరికి తొమ్మిది గంటలు. లోపలికి పోయినకొద్దీ నిదానం అవుతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

చుక్క పరీక్షతో ఒక చిక్కుంది. అది రాయి పై ముఖాన్ని మాత్రమే చూస్తుంది. లోపల వేల సందులు, రకరకాల ఖనిజాలు. ఒక గోడకు నీళ్లు ఇష్టం, పక్క గోడకు చమురు ఇష్టం. మొత్తం రాయి మాట వినాలంటే వేరే పద్ధతి కావాలి. 1959లో ఎర్ల్ అమాట్ అనే ఆయన ఒక పరీక్ష చెప్పాడు. ఇప్పటికీ దాని పేరు అమాట్ పరీక్షే. నా చేతులు ఎక్కువగా అరిగింది దీని మీదనే.

బావిలోంచి తెచ్చిన రాతి కడ్డీని కోర్ అంటారు. అందులోంచి పెద్ద టార్చిలైటు సెల్లు కన్నా కొంచెం లావుగా ఉండే ముక్కలు కోస్తాం. ముక్క నిండా చమురు ఎక్కించి, మొండిగా మిగిలిన కొంచెం నీటితో సహా, ఉప్పునీళ్ల గాజు పాత్రలో పెడతాం. పాత్ర పైన గీతలు గీసిన సన్న గొట్టం ఉంటుంది. అంతే, ఇక ఎవరూ ముట్టుకోరు. రాయికి నీళ్లు ఇష్టమైతే తానే తాగుతుంది. తాగిన మేర లోపలి చమురు చెమట బిందువుల్లా పైకి ఉబికి, ఊడి, గొట్టంలోకి చేరుతుంది. ఆగిపోయిన తర్వాత కొలిచి రాసుకుంటాం. ఇది తాగింది. ఆ తర్వాత ముక్కను సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి గాని, పంపుతో ఒత్తి గాని నీళ్లు బలవంతంగా ఎక్కిస్తాం. ఇంకొంత చమురు వస్తుంది. ఇది తాగించింది. తానే తాగినదాన్ని మొత్తంతో భాగించాలి. లెక్క కోసం చెప్తాను: తానే తాగింది 2 మిల్లీలీటర్లు, బలవంతాన తాగించింది 3 అనుకోండి. 5లో 2, అంటే 0.4.

అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు నీళ్లతో ఉన్న అదే ముక్కను చమురులో పెట్టి అదే పని తిరగేసి చేస్తాం. చమురు తాగితే నీటి బొట్లు కిందికి రాలతాయి. అక్కడ తానే తాగింది 1.5, తాగించింది 3.5 అయితే ఆ పక్క అంకె 0.3. నీటి అంకెలోంచి చమురు అంకె తీసేస్తే 0.1 వస్తుంది. ఈ తేడా +1 దగ్గర ఉంటే పక్కా నీటి రాయి, -1 దగ్గర ఉంటే పక్కా చమురు రాయి. 1969లో అమెరికా గనుల బ్యూరో వాళ్లు ఇంకో పద్ధతి తెచ్చారు. అందులో తాగించడానికి ఎంత బలం పట్టిందో కొలుస్తారు. అది త్వరగా తెములుతుంది, మంచి పద్ధతే. కాని రాయి రెండింటినీ తాగే రకమా అన్నది అందులో బయటపడదు. అమాట్ పరీక్షలో రెండు వైపులా విడివిడిగా అడుగుతాం గనుక అది కనబడుతుంది.

ఇంతవరకు వింటే తేలికగానే ఉంది. కష్టం ఎక్కడంటే ఓపిక దగ్గర. అమాట్ తన పరీక్షలో రాయిని 20 గంటలు నానబెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు చూస్తే కొన్ని రాళ్లు కొన్ని గంటల్లో తాగడం ముగిస్తాయి, కొన్నింటికి రెండు నెలలు దాటినా ముగియదు. అట్లాంటి రాయిని 20 గంటలకే బయటికి తీసి సెంట్రిఫ్యూజ్‌లో వేశామనుకోండి. ఇంకో నెల ఆగితే తానే తాగేదంతా "తాగించింది" ఖాతాలో పడిపోతుంది. రాయి మారలేదు, దానికి నీటి మీద ఇష్టం తగ్గలేదు. మన తొందర వల్ల కాగితం మీద "ఈ రాయికి నీళ్లు ఇష్టం లేదు" అని రాసి ఉంటుంది. పైవాళ్లు ఆ కాగితం చూసి నీళ్లు కొట్టే పథకమే వద్దంటారు. నా కింద చేరిన పిల్లలకు మొదటి రోజు చెప్పే మాట ఇదొక్కటే: గొట్టంలో గీత కదలడం ఆగిందా లేదా చూడు, గడియారం చూడకు.

రెండో కష్టం, రాయి మన దగ్గరికి ఎట్లాంటి స్థితిలో వచ్చిందన్నది. నేల కింద లక్షల ఏండ్లు చమురుతో కాపురం చేసిన రాయి అది. మొదట్లో ఆ సందుల్లో నీరే ఉండేది, చమురు తర్వాత వచ్చింది. చమురులోని జిగట పదార్థాలు గోడలకు పట్టి రాయి ఇష్టాన్ని మెల్లగా మార్చేశాయి. సున్నపురాయికి ఈ జిగట త్వరగా పడుతుంది. 1972లో 55 రిజర్వాయర్ల రాళ్ల మీద వెలువడిన ఒక పరిశీలనలో సున్నపురాతి జాతివి చాలా మటుకు చమురు వైపే మొగ్గాయి. అంత కాలంగా స్థిరపడిన ఇష్టం, పైకి తెచ్చేటప్పుడు ఒక్క రోజులో చెడిపోతుంది. డ్రిల్లింగు మట్టిలో కలిపే మందులు తగిలినా, గాలి తగిలినా, ఎండినా రాయి గుణం మారుతుంది. అందుకే కోర్ పైకి రాగానే ప్లాస్టిక్ పొర, రేకు చుట్టి, మైనంలో ముంచి పంపాలి.

ఒకసారి ఒకే బావి నుంచి, ఒకే లోతు నుంచి రెండు పెట్టెలు వచ్చాయి. ఒకటి మైనం పూతతో భద్రంగా ఉంది. రెండోదాన్ని తెచ్చినవాళ్లు ఉత్త గోనెసంచిలో ఎండకు వదిలేశారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. భద్రంగా వచ్చిన రాయి కొంచెమైనా నీళ్లు తాగింది. ఎండిన రాయి నెల రోజులు పెట్టినా గొట్టంలో బొట్టు పడలేదు. రెండూ ఒక తల్లి బిడ్డలే. రెండో పెట్టె ఒక్కటే వచ్చి ఉంటే ఆ పొర మొత్తానికి అదే తీర్పు అయ్యేది.

ఎండిన రాయిని మళ్లీ దారికి తేవచ్చు. టోలుయీన్, మిథనాల్ వంటి ద్రావకాలతో రోజుల తరబడి కడిగి, ఉప్పునీళ్లు ఎక్కించి, ఆ పొర చమురునే మళ్లీ నింపి, భూమి లోపల ఉండే వేడిలో దాదాపు 1000 గంటలు ఉంచాలి. అంటే నలభై రోజుల పైమాట. అప్పుడు గాని దాని పాత గుణం తిరిగి రాదు. ఆ తర్వాతే పరీక్ష. ముందే పరీక్ష పెడితే మనం కొలిచేది రాయిని కాదు, గోనెసంచి తెచ్చిన చెడుగును.

ఇంత చాదస్తం దేనికంటారా? నార్వే పక్కన ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ అనే చమురు క్షేత్రం ఉంది. 1969లో దొరికింది. అక్కడి రాయి సుద్ద, మన బడిలో పలక మీద రాసే సుద్ద లాంటిదే. నిండా ఖాళీ, కాని సందులు మరీ సన్నం, పైగా పగుళ్లు. మొదట్లో అందులోని చమురులో అయిదో వంతు కూడా పైకి రాదని లెక్కలేశారు. నీళ్లు కొడదామంటే పెద్ద భయం: సుద్ద నీటిని తాగకపోతే నీళ్లన్నీ పగుళ్ల వెంట పరుగెత్తి బావుల్లోకే వస్తాయి. ల్యాబుల్లో సుద్ద ముక్కలను నానబెట్టి చూశారు, క్షేత్రంలో చిన్న ఎత్తున నీళ్లు కొట్టి చూశారు. అన్ని పొరలూ ఒక్కలా తాగలేదు, కాని తాగాయి. 1987లో పెద్ద ఎత్తున నీళ్లు కొట్టడం మొదలైంది. ఇప్పుడు అక్కడి చమురులో సగం దాకా తీయగలమని అంచనా. సుద్ద తానే తాగుతుందన్న ఒక్క నిజం మీద అంత సంపద నిలబడింది. మన ముంబయి హై కూడా సున్నపురాయే. తీరానికి దాదాపు 160 కిలోమీటర్ల దూరాన 1974లో సాగర్ సమ్రాట్ రిగ్గుతో కనుక్కున్నారు. అక్కడా నీళ్లు కొట్టే చమురును తోస్తారు. కాబట్టి ఈ ప్రశ్న దూరదేశపుదేమీ కాదు.

ఇంకొక్క సంగతి చెప్పి మన మాటకు వస్తాను. ఇందాక లెక్కలో 0.4, 0.3 వచ్చిన రాయి చూశారు కదా, రెండింటినీ తాగేది. కొత్తగా చేరిన వాళ్లు అట్లాంటి రాయిని చూసి "ఇది అటూ కాదు, ఇటూ కాదు" అని పెదవి విరుస్తారు. 1973లో సలాథియెల్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఈస్ట్ టెక్సస్ క్షేత్రం గురించి రాస్తూ దీని గుట్టు విప్పాడు. అందులో సన్న సందులు నీటివి, పెద్ద సందుల గోడలు చమురువి. చమురు గోడలన్నీ ఒకదానికొకటి కలిసి ఉండటం వల్ల చమురు సన్నని పొరగా జారుతూనే ఉంటుంది. నీళ్లు కొడుతూ ఉంటే ఆఖరికి రాయిలో మిగిలేది చాలా తక్కువ. పక్కా నీటి రాయి కూడా అంత ఖాళీగా ఇవ్వదు. అటూ ఇటూ తాగే రాయి చివరికి మిగతావాటి కన్నా ఎక్కువే ఇచ్చింది.

ఇక మన మాట. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన ఉంది. సంఘం స్కాలర్‌షిప్ కావాలంటే పిల్లలు తెలుగు చదివి చూపించాలి, పది నిమిషాల పరీక్ష పెడదాం, చదవలేకపోతే స్కాలర్‌షిప్ లేదు అని. తెచ్చినవాళ్ల బాధ నాకు తెలుసు. మన తాతలు మగ్గం ఒక్కటే పట్టుకుని ఈ ఊరు రాలేదు, ఈ మాట కూడా వెంట తెచ్చారు. అది మన కళ్ల ముందే పోతుందన్న భయం నాకూ ఉంది. కాని పరీక్ష పెట్టేముందు ముప్పై ఏండ్లు పరీక్షలే పెట్టినవాడి మాట వినండి.

పది నిమిషాల పరీక్ష చుక్క పరీక్ష వంటిది. పై ముఖం చూస్తుంది. మన పేటల్లో బీడీలు చుట్టే అవ్వ పక్కన కూర్చుని పెరిగిన ఆడపిల్లలున్నారు. అవ్వ ఏమన్నా అర్థమవుతుంది, తెలుగులోనే తిరిగి జవాబిస్తారు, నారళీ పున్నమి నాడు మార్కండేయ రథం ముందు తెలుగు భజన పాడతారు. అక్షరాలు మాత్రం రావు, ఎందుకంటే బడిలో మరాఠీ. ఎవరూ బలవంతం చేయకుండా వాళ్లు తాగింది అంతా ఆ పరీక్షలో సున్నాగానే కనబడుతుంది. ఆ సున్నా వల్ల పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయేది కూడా వాళ్లదే. ఎందుకంటే స్కాలర్‌షిప్ అవసరం ఎక్కువగా ఉన్నది ఆ ఇండ్లకే.

బలవంతం వద్దే వద్దు అని కూడా నేను అనను. అమాట్ లెక్కలో తాగించింది కూడా లెక్కలో ఉంటుంది, లోపల ఇంకా ఎంత చోటు ఉందో చెప్పేది అదే. ఆదివారం తరగతిలో అక్షరాలు నేర్పడం ఆ పని. కాని వరుస ముఖ్యం. ముందు తానే ఎంత తాగిందో చూడాలి, అది ఆగేదాకా ఓపిక పట్టాలి, ఆ తర్వాతే ఒత్తాలి. మన ఆదివారం తరగతి మొదలై ఒక్క సంవత్సరం కాలేదు. 20 గంటలకే రాయిని తీసినట్టు ఇప్పుడే తీర్పు చెప్పొద్దు.

ఇంకోటి, కొంచెం కటువుగా ఉంటుంది. పిల్లల పరీక్షకు ముందు మన పెట్టెలు మనం చూసుకోవాలి. ఎన్ని ఇండ్లలో తల్లిదండ్రులు పిల్లలతో తెలుగులో మాట్లాడుతున్నారు? గోనెసంచిలో ఎండబెట్టి తెచ్చింది పెద్దలైతే, సున్నా పిల్లల పేరున రాయడం న్యాయం కాదు. ఎండిన రాయిని నానబెట్టడానికైనా 1000 గంటలు పట్టింది. రాయికి అభిమానం లేదు, ఎన్నిసార్లు కొలిచినా ఏమీ అనుకోదు. పిల్లలు అట్లా కాదు. అందరి ముందు ఒకసారి "నీకు రాదు" అనిపించుకున్న పిల్ల మళ్లీ ఆ తరగతి గడప తొక్కదు.

మరాఠీ బాగా వచ్చిన పిల్లలను చూసి దిగులు పడేవాళ్లకు ఒక మాట. రెండూ తాగే రాయిని తక్కువ చేయకండి. బయట మరాఠీ, ఇంట్లో తెలుగు ఉన్న పిల్ల రెండు వైపులా ఇస్తుంది. చూడాల్సింది తెలుగు గోడలు ఒకదానికొకటి కలిసి ఉన్నాయా లేదా అని. అవ్వ మాట, రథం నాటి భజన, పెండ్లి పాట, ఆదివారం తరగతి, వీటి మధ్య దారి తెగకపోతే అది జారుతూనే ఉంటుంది.

నేను సమావేశంలో పెట్టబోయే సవరణ ఇది. స్కాలర్‌షిప్‌కు పరీక్ష ముడిపెట్టొద్దు, ఇప్పుడున్నట్టే మార్కులు, ఇంటి పరిస్థితి చూసి ఇద్దాం. ఆదివారం తరగతిని ఇంకో రెండేండ్లు గట్టిగా నడుపుదాం. ఏడాదికోసారి పిల్లలు ఎంత అర్థం చేసుకుంటున్నారు, ఎంత మాట్లాడుతున్నారు, ఎంత చదువుతున్నారు అని మూడూ విడివిడిగా రాసుకుందాం. అదే కాగితంలో ఆ ఇంట్లో పెద్దలు తెలుగు మాట్లాడతారా లేదా అన్నది కూడా రాద్దాం. రెండేండ్లకు ఆ కాగితాలు ముందు పెట్టుకుని మళ్లీ మాట్లాడదాం. ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు ఇద్దరూ కింద రాయండి. సమావేశానికి మాత్రం తప్పక రండి, పోయినసారి కోరం కోసం గంటన్నర కూర్చున్నాం.